మన సొంత అకౌంట్‌లో పెయిడ్ యాడ్ వేయొచ్చా? కర్నూలు, కడప క్రియేటర్లు తప్పక వినాల్సిన ఎపిసోడ్

కర్నూల్లో ఎండ సంగతి మీకు చెప్పాల్సిన పని లేదు. మైక్‌లో సౌండ్ వస్తుందని ఫ్యాన్ ఆపేసి రికార్డ్ చేస్తున్నా. కాబట్టి సోది లేకుండా మ్యాటర్‌లోకి పోదాం.

ఈమధ్య నాకు వచ్చే మెసేజ్‌లలో సగం ఒకటే ప్రశ్న. "అన్నా, నాది పర్సనల్ అకౌంట్. పదివేల మంది ఫాలోవర్లు ఉన్నారు. ఎవరో ప్రమోషన్ చేయమంటున్నారు. చేయొచ్చా? ఎంత అడగాలి? రేపు పోలీసులు ఇంటికొస్తారా?" ఒక్కొక్కరికి టైప్ చేసి చెప్పలేక ఈ ఎపిసోడ్ పెట్టుకున్నా. కొంచెం పెద్దదే. టీ తెచ్చుకోండి.

ముందు ఒక కన్ఫ్యూజన్ తీసేద్దాం. పెయిడ్ యాడ్ అని మనోళ్ళు రెండు వేరే వేరే పనులకు ఒకటే మాట వాడతారు. మీరే ఇన్‌స్టాగ్రామ్‌కు డబ్బులు కట్టి మీ రీల్ ఎక్కువ మందికి కనపడేట్టు చేసుకోవడం ఒకటి. దాన్ని బూస్ట్ అంటాం. ఎవరో మీకు డబ్బులిచ్చి వాళ్ళ సరుకు గురించి మీ నోటితో చెప్పించుకోవడం ఇంకోటి. మొదటిదాంట్లో డబ్బులు మీ జేబులోంచి పోతాయి, రెండోదాంట్లో జేబులోకి వస్తాయి. గొడవలన్నీ ఈ రెండోదాంట్లోనే.

బూస్ట్ సంగతి తొందరగా చెప్పేస్తా. ఫేస్‌బుక్‌లో మామూలు పర్సనల్ ప్రొఫైల్ నుంచి యాడ్ రన్ చేయడానికి కుదరదు. ఇన్‌స్టాగ్రామ్‌లో అయితే సెట్టింగ్స్‌లోకి పోయి అకౌంట్‌ను ప్రొఫెషనల్‌కు మార్చుకోవాలి. పైసా ఖర్చు లేదు, కానీ అకౌంట్ ప్రైవేట్‌గా ఉంచుకోలేరు. సినిమా పాట పెట్టి చేసిన రీల్ బూస్ట్ కాదు, కాపీరైట్ మ్యూజిక్ ఉంటే ఒప్పుకోదు. చాలామంది "అన్నా, బూస్ట్ బటన్ రావట్లేదు" అని అడిగేది ఇందుకే. రాజకీయం, ఎలక్షన్ పోస్టులు అయితే ముందు ఐడీ ప్రూఫ్ పెట్టి పర్మిషన్ తీసుకోవాలి, డబ్బులు ఎవరు కట్టారన్నది కూడా యాడ్ మీద కనపడాలి. వార్డు నాయకుడి బర్త్‌డే రీల్ బూస్ట్ చేద్దామనుకునే తమ్ముళ్ళూ, విన్నారా?

ఇంకొక్క మాట. మీది చీరల షాపో, కేకుల బిజినెసో అయితే బూస్ట్‌లో ఊరు సెలెక్ట్ చేసుకోండి. ఆదోనిలో ఉన్న షాపుకు వరంగల్ నుంచి లైకులొస్తే ఏం చేసుకుంటారు, ఫ్రేమ్ కట్టించుకుంటారా?

సరే, ఇప్పుడు అసలు కథ. పక్కోడి సరుకును మన అకౌంట్‌లో చెప్పడం.

2025లో ఏం జరిగిందో అందరికీ కొంచెం కొంచెం గుర్తుంటుంది. ఒకసారి వరసగా చెప్పుకుందాం. ఫిబ్రవరిలో విశాఖపట్నంలో ఒక యూట్యూబర్‌ను బెట్టింగ్ యాప్ ప్రమోషన్ కేసులో అరెస్ట్ చేశారు. అప్పుడు తెలంగాణ ఆర్టీసీ ఎండీగా ఉన్న సజ్జనార్ గారు బెట్టింగ్ యాప్‌లను ప్రమోట్ చేసేవాళ్ళ వీడియోలు పెట్టి మరీ రోజూ పోస్టులు వేశారు. మార్చిలో హైదరాబాద్ పంజాగుట్ట పోలీసులు 11 మంది మీద కేసు పెట్టారు. రెండు మూడు రోజులకే మియాపూర్ పోలీస్ స్టేషన్‌లో 25 మంది మీద ఇంకో కేసు. అందులో టాప్ సినిమా హీరోలు కూడా ఉన్నారు. తెలంగాణ ప్రభుత్వం సిట్ వేసింది. తర్వాత ఈడీ దిగింది. ఆ కేసుల్లో ఎవరిది తప్పు, ఎవరిది కాదు అన్నది కోర్టులు చూసుకుంటాయి. పేర్లు చెప్పి వ్యూస్ తెచ్చుకునే పని నాకొద్దు.

నేను గమనించమనేది ఇంకోటి. ఆ లిస్టులో సినిమావాళ్ళ పక్కనే మామూలు ఇన్‌స్టా పిల్లలు ఉన్నారు. నిన్నమొన్నటిదాకా డాన్సులు, కామెడీ స్కిట్లు చేసుకుంటున్నోళ్ళు. హీరోకు లాయర్ల టీమ్ ఉంటుంది, మేనేజర్ ఉంటాడు. మనకు ఎవరున్నారు? స్టేషన్‌కు పిలిస్తే మన వెంట వచ్చేది మన నాయన, ఇంకా మహా అయితే చిన్నాయన.

చట్టం ఎట్లా మారిందో కూడా చెప్తా. ఆంధ్రాలో డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద 2020లోనే నిషేధం పెట్టారు. 1974 నాటి ఏపీ గేమింగ్ చట్టానికి సవరణ చేసి ఆన్‌లైన్‌ను కూడా అందులోకి తెచ్చారు. తెలంగాణ అయితే 2017లోనే తెచ్చింది. అందుకే అప్పట్లో కొన్ని ఫ్యాంటసీ యాప్‌లు ఓపెన్ చేస్తే "మీ రాష్ట్రంలో ఇది లేదు" అని చూపించేవి. ఇక 2025 ఆగస్టులో దేశం మొత్తానికి చట్టం వచ్చింది. ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహక, నియంత్రణ చట్టం. ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ, 22న రాష్ట్రపతి సంతకం. మూడంటే మూడు రోజులు. ఇందులో యాడ్ చేసేవాళ్ళకు వేరేగా శిక్ష రాశారు: రెండేళ్ళ దాకా జైలు, లేదంటే 50 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. యాప్ నడిపేవాడికి కాదు, యాడ్‌లో కనపడేవాడికి చెప్తున్నా.

ఇది చదివితే "ఛీ, ఎవరు చేస్తారన్నా ఇంకా" అనిపిస్తుంది. కానీ చేస్తారు. ఎందుకో చెప్తా.

ఈమధ్య ఒక తమ్ముడు ఫోన్ చేసినాడు. పత్తికొండ సైడు పల్లె. బీటెక్ అయిపోయి ఏడాదిన్నర. వాళ్ళ నాయన టమోటా వేస్తాడు. పత్తికొండ మార్కెట్లో టమోటా రేటు సంగతి మీకు తెలుసు, ఒక వారం గంప ఎత్తుకుని పరిగెత్తిస్తుంది, ఇంకో వారం కోత కూలీ కూడా రాక రోడ్డు మీద పారబోసి వస్తారు. ఈ తమ్ముడు పొలం గట్టు మీద నిలబడి మన యాసలో కామెడీ రీల్స్ చేస్తాడు. బాగా చేస్తాడు, నాకైతే పొట్ట చెక్కలు. నలభై వేలకు పైగా ఫాలోవర్లు. అతనికి టెలిగ్రామ్‌లో ఒక మెసేజ్ వచ్చింది. ఒక్క స్టోరీ, 24 గంటలు ఉంచితే చాలు, 25 వేలు. అడ్వాన్స్ సగం వెంటనే. కంపెనీ పేరు లేదు, అడ్రస్ లేదు, ఒక లింక్, ఒక ప్రోమో కోడ్.

"అన్నా, బెంగుళూరులో నాకొచ్చిన ఆఫర్ నెలకు 18 వేలన్నా. రూముకే ఏడువేలు పోతాది. ఇది ఒక్క రోజు పని. నేను ఆడమని చెప్పను, ఊరికే లింక్ పెడతా. యాడన్నా తప్పు?"

దీనికి "తప్పు తమ్ముడూ, చట్టం ఒప్పుకోదు" అని చెప్పి ఫోన్ పెట్టేయడం ఈజీ. ఐటీ జాబ్ చేసి కొంచెం వెనకేసుకుని వచ్చినోణ్ణి నేను, నాకు ఎన్నైనా నీతులొస్తాయి. అందుకే నీతి పక్కనపెట్టి లెక్క చెప్పినా. వాడు నీకు 25 వేలు ఎందుకిస్తున్నాడు? నీ స్టోరీ చూసేది నాలుగైదు వేల మంది అనుకో. అందులో ఒక యాభై మంది లింక్ నొక్కి డబ్బులు వేస్తే చాలు, ఒక్కొక్కడు వెయ్యి పోగొట్టుకున్నా వాడికి యాభై వేలు. ఇచ్చిన 25 పోను ఇంకో 25 వాడి లాభం. అంటే నీకిచ్చే ప్రతి రూపాయి ముందే ఎవరో ఒకరి జేబులోంచి రావాలి. ఆ యాభై మంది ఎవరు? మీ అకౌంట్ ఇన్‌సైట్స్ తీయి, టాప్ లొకేషన్స్ చూడు అన్నా. చూసినాడు. కర్నూలు, ఆదోని, ఎమ్మిగనూరు, ప్రొద్దుటూరు, నంద్యాల. హైదరాబాద్ ఆరోదో ఏడోదో ఉన్నింది.

కొంచెంసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మా మేనమామ కొడుకు కూడా నా రీల్స్ అన్నీ చూస్తాడన్నా" అన్నాడు. అంతే.

చూడండి, ముంబైలో ఇన్‌ఫ్లుయెన్సర్‌కు ఫాలోవర్ అంటే ఒక నంబర్. మనకు అట్లా కాదు. కడప ఏడు రోడ్ల దగ్గర కారం దోశ తింటుంటే "అన్నా, నువ్వు చెప్పినావని కొన్నా" అని భుజం మీద చెయ్యి వేస్తాడు. మంచిదైతే ఆ చెయ్యి భుజం మీదే ఉంటుంది. పర్సనల్ అకౌంట్ అంటే మన పేరు, మన మొహం, మన ఇంటి అరుగు. కంపెనీ అయితే పేరు మార్చుకుని ఇంకో యాప్‌తో వస్తుంది. మనం మొహం మార్చుకోలేం.

ఆ తమ్ముడు ఏం చేసినాడో నాకు ఇంకా చెప్పలేదు. నేను రోజూ అతని స్టోరీ ఓపెన్ చేసి చూస్తూనే ఉన్నా, నిజం చెప్తున్నా. ఇప్పటిదాకా టమోటాలు, వాళ్ళ జేజి తప్ప ఏం కనపడలేదు.

సరే, బెట్టింగ్ ఒక్కటి వదిలేస్తే మిగతావన్నీ సేఫా? కాదు. మన ఏరియాలో నాలాంటోళ్ళకు వచ్చే ఆఫర్లలో ప్రమాదం లేనట్టు కనపడి ప్రమాదం ఉండేవి వేరే ఉన్నాయి.

నంబర్ వన్ వెంచర్లు. ఊరి బయట నాలుగు రాళ్ళు పాతి, ఒక ఆర్చి కట్టి, "అన్నా, డ్రోన్ షాట్ పెట్టి ఒక రీల్ చెయ్, ఎయిర్‌పోర్ట్‌కు పది నిమిషాలు అని చెప్పు" అంటారు. ఓర్వకల్లు ఎయిర్‌పోర్ట్‌కు పది నిమిషాలంటే ఏ బండిలో పదినిమిషాలో వాళ్ళే చెప్పాలి. నేను ఒకటే అడుగుతా: రెరా నంబర్ ఏది? 2016 రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన వెంచర్‌ను రిజిస్టర్ చేయకుండా అమ్మడం కాదు, అసలు యాడే వేయకూడదు. యాడ్‌లో రిజిస్ట్రేషన్ నంబర్, రెరా వెబ్‌సైట్ కనపడాలి. మీరు చేసే రీల్ కూడా యాడే. పోయినేడు ఒకాయన, పేరు వద్దులే, నంబర్ అడిగితే "అప్లై చేసినాం, వస్తాది, నువ్వు రీల్ చెయ్ సామీ" అన్నాడు. వచ్చినాక చేస్తా అన్నా. ఇప్పటిదాకా ఫోన్ రాలేదు. ఒక సెంటు జాగా కోసం గల్ఫ్‌లో పదేళ్ళు పనిచేసినోళ్ళు మన కడప, రాయచోటి సైడు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. వాళ్ళు అక్కడి నుంచి ఫోన్‌లో మన రీల్ చూసే అడ్వాన్స్ పంపిస్తారు. జాగా చూడ్డానికి రాలేరు కదా.

రెండోది స్కీములు. నెలనెలా కట్టు, ఏడాదికి బంగారం ఇస్తాం. ఇంత కట్టు, డబుల్ ఇస్తాం. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ పేరు ఎక్కడైనా పలుకుతుంది కాబట్టి ఆ పేరు వాడుకునే నకిలీలు కూడా ఉంటారు, అసలు వ్యాపారులకు కూడా వాళ్ళతో తలనొప్పే. అనుమతి లేని డిపాజిట్ స్కీముల మీద కేంద్రం 2019లో చట్టం చేసింది. అట్లాంటి స్కీము నడపడమే కాదు, దాంట్లో చేరమని యాడ్ ఇవ్వడం కూడా నిషేధమే. షేర్ మార్కెట్ టిప్స్ కూడా అంతే. సెబీ దగ్గర రిజిస్టర్ కానోడు "ఈ షేర్ కొను" అని చెప్పకూడదు, వాడి కోర్సుకు మనం ప్రచారం చేసినా ఇబ్బందే.

మూడోది మందులు. షుగర్ పూర్తిగా తగ్గిపోతుంది, హైట్ పెరుగుతారు, పొట్ట కరిగిపోతుంది. 1954 నాటి చట్టం ఒకటి ఉంది, మందులు, మాయా చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం. కొన్ని జబ్బులకు మా మందుతో నయమవుతుందని యాడ్ ఇవ్వకూడదు అని అందులో లిస్టే ఉంది. షుగర్ ఉంది, ఊబకాయం ఉంది, ఎత్తు కూడా ఉంది. డెబ్బై ఏళ్ళ కిందటి చట్టం ఇన్‌స్టా రీల్‌కు కూడా వర్తిస్తుంది. మా ఇంట్లోనే షుగర్ పేషెంట్లు ఇద్దరు. ఎవడో రీల్‌లో చెప్పినాడని మాత్ర ఆపేస్తే ఏమవుతుందో ఆ ఇంట్లోవాళ్ళకు తెలుస్తుంది.

మరి ఏం చేయాలన్నా, అన్నీ వద్దంటే ఎట్లా బతకాలి అంటారు. చేయడానికి బోలెడున్నాయి. హోటల్, బట్టల షాపు, కోచింగ్ సెంటర్, బనగానపల్లె మామిడి తోట, సోనా మసూరి రైస్ మిల్లు, ఆళ్ళగడ్డ శిల్పులు. వీళ్ళకు యాడ్ ఏజెన్సీకి ఇచ్చేంత డబ్బు ఉండదు, మనమే వాళ్ళకు ఏజెన్సీ. రేటు తక్కువే, రీల్‌కు రెండు మూడు వేలు అంటారు, ఇంకొందరు "బిర్యానీ పెడతాం రా అన్నా" అంటారు. పర్లేదు. కానీ ఆ బిర్యానీకి కూడా రూల్ ఉంది, అదే ఇప్పుడు చెప్పబోతున్నా.

2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 2022 జూన్‌లో తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద గైడ్‌లైన్స్ వచ్చాయి. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖ మనలాంటి ఇన్‌ఫ్లుయెన్సర్ల కోసమే వేరేగా ఒక పుస్తకంలాంటిది వదిలింది. అంతకుముందే 2021లో యాడ్ కంపెనీల సంస్థ ఆస్కీ కూడా రూల్స్ పెట్టుకుంది. అన్నింటి సారం ఒకటే: నీకూ ఆ కంపెనీకీ ఏదైనా సంబంధం ఉంటే చూసేవాడికి చెప్పు. సంబంధం అంటే డబ్బులే అనుకోవద్దు. ఫ్రీగా ఇచ్చిన సరుకు, డిస్కౌంటు, హోటల్ రూము, టూరు, ఆఖరికి ఆ షాపు మీ బావమరిదిది అయినా సరే, సంబంధమే. కాబట్టి ఆ ఫ్రీ బిర్యానీ కూడా లెక్కలోకి వస్తుంది. నవ్వకండి, సీరియస్.

ఎట్లా చెప్పాలి? డిస్క్రిప్షన్‌లో కింద, ముప్పై హ్యాష్‌ట్యాగుల మధ్యలో దాచిపెడితే చెల్లదు. వీడియోలో కనపడాలి, వినపడాలి కూడా. ఫోటో అయితే ఫోటో మీదే రాయాలి. లైవ్ అయితే లైవ్ నడిచినంతసేపు స్క్రీన్ మీద ఉండాలి. ఇన్‌స్టాలో పెయిడ్ పార్ట్‌నర్‌షిప్ లేబుల్ ఉంటుంది, పోస్ట్ చేసేముందు ఆన్ చేసుకోండి. యూట్యూబ్‌లో పెయిడ్ ప్రమోషన్ ఉందని టిక్ పెడితే మొదట్లో కొన్ని సెకన్లు చూపిస్తుంది. అది సరిపోదు, నోటితో కూడా చెప్పండి. మన జనం తెలుగులో వింటున్నప్పుడు ఆ మాట తెలుగులోనే చెప్పాలి. నేనైతే మొదటి ఐదు సెకన్లలో "ఇది డబ్బులు తీసుకుని చేస్తున్న వీడియో" అంటా. ఒక క్లయింట్‌కు అది నచ్చలేదు. "అట్లంటే ఎవరు నమ్ముతారు?" అన్నాడు. నాకు తెలిసి అట్లా అన్న వీడియోలకే షాపుకు ఎక్కువ మంది పోయినారు. ఎందుకంటే, ఆ మాట చెప్పినాక కూడా "కానీ పార్కింగ్ కష్టం, ఆదివారం పోవద్దు" అని చెప్తే వినేవాడికి నమ్మకం కలుగుతుంది.

చెప్పకపోతే? వినియోగదారుల అథారిటీ 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా. ఏడాది పాటు ఏ యాడూ చేయొద్దని ఆపేయొచ్చు, మళ్ళీ చేస్తే మూడేళ్ళు. అయితే చట్టంలోనే ఒక వెసులుబాటు ఉంది. మీరు ముందే తగినంతగా విచారించి, నిజమేనని చూసుకుని చెప్పి ఉంటే మీ మీద పెనాల్టీ పడదు. అందుకే విచారించినట్టు రుజువు దాచుకోండి. రెరా నంబర్ స్క్రీన్‌షాట్, ఫుడ్ లైసెన్స్ ఫోటో, వాళ్ళు పంపిన వాట్సాప్ చాట్, అన్నీ ఒక ఫోల్డర్‌లో పడేయండి. సాఫ్ట్‌వేర్‌లో మాకు లాగ్స్ అంటారు, సర్వర్ పడిపోయినప్పుడు ఎవరిది తప్పో లాగ్స్ చెప్తాయి. ఇదీ అంతే.

చాలామందికి తెలియని ఇంకో మెలిక ఉంది. బ్రాండ్‌వాళ్ళు "మీ రీల్‌ను మేమే యాడ్‌గా రన్ చేసుకుంటాం, పర్మిషన్ ఇవ్వండి" అంటారు. పార్ట్‌నర్‌షిప్ యాడ్ అంటారు దాన్ని. మీరు ఒప్పుకుంటే మీ పేరు మీద, మీ మొహంతో వాళ్ళు డబ్బులు పెట్టి ఎవరికి కావాలంటే వాళ్ళకు చూపిస్తారు. మీకిచ్చింది ఒక రీల్ రేటు, వాళ్ళు వాడుకునేది ఆరు నెలలు. ఎన్ని రోజులు, ఎక్కడెక్కడ, ఆ టైములో పోటీ షాపుకు మీరు చేయొచ్చా లేదా, ఇవి మూడూ రాతపూర్వకంగా తీసుకోండి. మెయిల్ చాలు, స్టాంప్ పేపర్ అక్కర్లేదు. ముప్పై రోజులు దాటితే వేరే రేటు అని నేను మొదటే రాస్తా.

ఇక ట్యాక్స్. 2022 జూలై 1 నుంచి ఒక రూల్ ఉంది. ఏడాదిలో ఒక కంపెనీ మీకిచ్చిన ఫ్రీ సరుకు విలువ 20 వేలు దాటితే 10 శాతం టీడీఎస్. ఫోన్ రివ్యూకు ఇచ్చి తిరిగి తీసుకుంటే లెక్క లేదు, మీరే ఉంచుకుంటే అది మీ ఆదాయం. జీఎస్టీ అయితే ఏడాదికి 20 లక్షలు దాటేదాకా మనకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, కాబట్టి మనలో చాలామందికి ఆ దిగులు లేదు, అది మంచి వార్తో చెడ్డ వార్తో మీరే చెప్పాలి. ఏడాదికోసారి రిటర్న్ మాత్రం వేయండి. రేపు హోమ్ లోన్‌కు పోతే "ఏం పని చేస్తావ్ బాబూ" అని బ్యాంకు మేనేజర్ అడిగినప్పుడు చూపించడానికి అదొక్కటే కాగితం. ఉద్యోగంలో ఉండి ఇది చేసేవాళ్ళు మీ ఆఫర్ లెటర్‌లో వేరే ఆదాయం గురించి ఏం రాశారో ఒకసారి చదవండి. సచివాలయంలో పనిచేసే ఫ్రెండ్స్ అయితే ప్రభుత్వ ఉద్యోగుల ప్రవర్తన నియమాలు చూసుకోండి, పర్మిషన్ లేకుండా పక్క వ్యాపారం కుదరదు.

బ్రాండ్‌కు పంపే మెయిల్ ఎట్లా రాయాలి, బిల్లు ఎట్లా తయారు చేయాలి అని చాలామంది అడిగారు. నేను వాడే రెండూ తెలుగులోనే చేసి పెట్టా, వచ్చే ఎపిసోడ్‌లో స్క్రీన్ షేర్ చేసి ఒక్కో లైను చూపిస్తా. ఈలోపు మీకు ఏదైనా ఆఫర్ వచ్చి డౌట్ ఉంటే, కంపెనీ పేరు, వాళ్ళు చెప్పమన్న మాట యథాతథంగా నాకు పంపండి. డబ్బులెంతో చెప్పక్కర్లేదు. ఫ్యాన్ వేసుకుంటున్నా ఇంక. ఉంటా, బై.